గచ్చు పక్కన ఏ పొద నాటాలి?

పెద్దలకీ, అక్కచెల్లెళ్లకీ నమస్కారం.

"పెరట్లో గచ్చు చేయించాం, పక్కన వాసన పూల మొక్క ఏది వేద్దాం?" అని మన బరంపురంలో చాలామంది అడుగుతుంటారు. నేను తిరిగి ఒకటే అడుగుతాను: మీరు అక్కడ ఏ వేళప్పుడు కూర్చుంటారు?

సాయంత్రం కూర్చునేవాళ్లకి మల్లెను మించింది లేదు. ఎండాకాలం పొద్దువాలి, గోపాలపురం సముద్రం వైపు నుంచి గాలి తిరిగేసరికి మొగ్గలు విచ్చుకుంటాయి. కానీ డిసెంబరులో నీళ్లు తగ్గించి, ఆకు దూసి, కొమ్మల్ని మోకాలెత్తుకి కత్తిరించాలి. పచ్చగా ఉన్న పొదను కొయ్యడానికి చెయ్యి రాదు, నాకు తెలుసు. అయినా కొయ్యండి. పూత వచ్చేది కొత్త చిగుళ్లకే.

తెల్లవారి కాఫీ గ్లాసుతో కూర్చునేవాళ్లకి పారిజాతం. మన ఒడియా పొరుగువాళ్లు గంగశివళి అంటారు. చీకటి పడ్డాక పూసి, తెల్లారేసరికి రాలిపోతుంది. గచ్చు అంచునే నాటితే పూలు మట్టిలో పడకుండా శుభ్రమైన నేల మీద దొరుకుతాయి. ఏటా పూత అయిపోగానే కత్తిరిస్తేనే పొదగా ఉంటుంది, లేదంటే చెట్టయిపోతుంది.

గంధరాజం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మా ఇంట్లో కొత్త గచ్చుకి జానెడు దూరంలో నాటాను. రెండు నెలల్లో ఆకులు పసుపుబారాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఎరువు పెంచాను, లాభం లేకపోయింది. తీరా చూస్తే, సిమెంటులోంచి సున్నం మట్టిలోకి దిగుతోంది! ఈ మొక్కకి పులుపు నేల కావాలి, సున్నం ఉంటే ఇనుమును పీల్చుకోలేదు. తవ్వి తీసి, ఆకుల ఎరువు కలిపిన పెద్ద కుండీలో పెట్టాక గానీ కోలుకోలేదు.

నైట్‌క్వీన్ కిటికీ దగ్గర వద్దు. ఆ ఘాటుకి కొందరికి తలనొప్పి వస్తుంది.

మొగలి పెంచుదామని కూడా అడుగుతారు. గంజాం మొగలి అత్తరంటే మనందరికీ గర్వమే. కానీ ఆకు అంచులనిండా ముళ్లే, పైగా మనిషిని మించి పెరుగుతుంది. పిల్లలు తిరిగేచోట వద్దు, పొలం గట్టునే దానికి అందం.

సంపంగి కూడా గచ్చు పక్కన పెట్టకండి, అది పెద్ద చెట్టవుతుంది. 2013లో పైలిన్ తుపాను మన తీరం దాటిన రాత్రి ఎన్ని చెట్లు గోడల మీద పడ్డాయో మీరూ చూశారు. నేలబారు పొద విరిగినా, మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది.

బయట తట్టలో మల్లె అంట్లు తెచ్చి పెట్టాను. వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకెళ్లండి.