డెక్సా రిపోర్టులో మైనస్ వచ్చిందా? కాల్షియం డబ్బా కొనేముందు ఇది చూడండి

[తెరపై: డెక్సా రిపోర్టు. టీ-స్కోరు గడి చుట్టూ ఎర్ర గీత.]

డెక్సా అంటే ఎముక సాంద్రత కొలిచే స్కాను. ఇదొక నమూనా రిపోర్టు. 56 ఏళ్ల ఆవిడది అనుకుందాం. నడుము పూసల దగ్గర టీ-స్కోరు మైనస్ 1.4, తుంటిలో తొడ ఎముక మెడ దగ్గర మైనస్ 2.1. ఇలాంటి కాగితం ఇంటికి రాగానే సాధారణంగా జరిగేది ఒకటే: మెడికల్ షాపు నుంచి ఒక కాల్షియం డబ్బా, పక్కింటివాళ్లు చెప్పిన విటమిన్ డి సాషేలు. నిజానికి ఇదే స్కోరు వచ్చినవాళ్లలో కొందరికి మందే అక్కర్లేదు. కొందరికి కాల్షియం ఒక్కటే ఏ మూలకూ సరిపోదు. ఎవరు ఎటువైపో ఈ అంకె ఒక్కటే చెప్పలేదు.

ముందు అంకె చదవడం నేర్చుకుందాం. ఆరోగ్యంగా ఉన్న యువతుల సగటు ఎముక సాంద్రతకు మీది ఎంత దూరంలో ఉందో చెప్పేదే టీ-స్కోరు. మైనస్ 1 వరకు మామూలే. అక్కడి నుంచి మైనస్ 2.5 దాకా ఆస్టియోపీనియా, అంటే సాంద్రత తగ్గింది. మైనస్ 2.5 గానీ అంతకన్నా కింద గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, ఎముక గుల్లబారింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన హద్దులివి. నెలసరి ఆగిన స్త్రీలకు, 50 దాటిన పురుషులకు వర్తిస్తాయి. నడుము, తుంటి అంకెల్లో ఏది తక్కువైతే దాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

[తెరపై: అరిగిన వెన్నుపూసల ఎక్స్‌రే.]

నడుము అంకెతో ఒక చిక్కుంది. వయసు పైబడ్డాక పూసల అంచుల్లో ఎముక ముళ్లలా పెరుగుతుంది. ఒక్కోసారి పూస కుంగి నొక్కుకుపోతుంది. ఈ రెండూ స్కానులో దట్టంగా కనిపిస్తాయి, స్కోరు ఉన్నదానికన్నా బాగున్నట్టు వస్తుంది. నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ గ్రామాల్లో ఏళ్లతరబడి ఆ నీళ్లు తాగినవాళ్లకు ఇంకో తిరకాసు. ఫ్లోరోసిస్‌లో పూసల సాంద్రత ఎక్కువగా కనిపించవచ్చు, ఎముక మాత్రం పెళుసుగానే ఉంటుంది. అలాంటివాళ్లు ఆ నేపథ్యం డాక్టరుకు తప్పక చెప్పాలి. ఇక ఉచిత శిబిరాల్లో మడమ మీద చేసే అల్ట్రాసౌండ్ పరీక్ష ఉంది కదా, అది అనుమానం పుట్టించడానికే పనికొస్తుంది. దాని అంకె చూసి మందు మొదలుపెట్టకూడదు, నిశ్చింతగా ఉండకూడదు.

అంకె తర్వాత అడగాల్సిన మొదటి ప్రశ్న: 50 దాటాక, నిలబడ్డ ఎత్తు నుంచి జారిపడితేనే ఎముక విరిగిందా? తుంటి గానీ వెన్నుపూస గానీ అలా విరిగి ఉంటే స్కోరు ఎంతున్నా మందు కావాల్సిందే. పూస విరిగిన సంగతి చాలామందికి తెలియనే తెలియదు. నడుంనొప్పి అనుకుని ఊరుకుంటారు. అందుకే ఎత్తు కొలవండి. వయసులో ఉన్నప్పటికన్నా 4 సెంటీమీటర్లు తగ్గితే వెన్నెముకకు పక్కనుంచి ఎక్స్‌రే తీయించాలి. ఏమీ విరగని ఆస్టియోపీనియా వాళ్లకు ఫ్రాక్స్ అనే లెక్క ఉంది. వయసు, బరువు, స్టెరాయిడ్ వాడకం, పొగతాగే అలవాటు, అమ్మానాన్నల్లో ఎవరికైనా తుంటి విరిగిందా వంటివి నింపితే రాబోయే పదేళ్లలో ఎముక విరిగే అవకాశం ఎంతో చెబుతుంది. అందులో భారతదేశానికి విడిగా లెక్క ఉంది, దాన్నే ఎంచుకోండి.

రెండో ప్రశ్న, ఎముక ఎందుకు తగ్గింది? నెలసరి ఆగిన తొలి ఐదారేళ్లలో ఎముక వేగంగా తరుగుతుంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేసే ఆపరేషన్ 40 లోపే జరిగితే ఆ తరుగు అప్పుడే మొదలవుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం ఎక్కువగా ఉన్నవి మన రెండు రాష్ట్రాలే, కాబట్టి ఈ మాట మనవాళ్లకు గట్టిగా చెప్పాలి. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 5 మి.గ్రా. గానీ అంతకుమించి గానీ మూడు నెలలు దాటి వాడినా తరుగుతుంది. మోకాళ్ల నొప్పులకని పేరులేని పొట్లాల్లో ఇచ్చే మందుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండే ప్రమాదముంది. మోతాదు ఎక్కువైన థైరాయిడ్ మాత్ర, రొమ్ము క్యాన్సర్‌కు వాడే లెట్రొజోల్, మూర్ఛ మందులు కూడా ఈ కోవలోవే.

అందుకే మందుకు ముందు రక్తపరీక్షలు: కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, విటమిన్ డి, థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్. అవసరమైతే పారాథైరాయిడ్ హార్మోను కూడా. విటమిన్ డి బాగా పడిపోతే ఎముక మెత్తబడి డెక్సా స్కోరు అదే పడిపోతుంది. కింద కూర్చుని లేవడం కష్టం, ఒళ్లంతా ఎముకల నొప్పులు, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరగడం దాని గుర్తులు. ఈ స్థితిలో ఆ లోటు తీర్చకుండా నేరుగా ఎముకల ఇంజెక్షన్ ఇస్తే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు.

[తెరపై: 60,000 యూనిట్ల సాషే. పక్కన క్యాలెండర్‌లో వారానికి ఒక టిక్కు.]

ఈ సాషే వారానికి ఒకటి, సాధారణంగా ఎనిమిది వారాలు. తర్వాత నెలకొకటి. చీటీ సరిగా చదవక రోజుకొకటి వేసుకునేవాళ్లున్నారు. వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, మతిమరుపు వచ్చి కిడ్నీలు దెబ్బతినేదాకా పోవచ్చు. చీటీ మీద వారం పేరు పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి.

కాల్షియం సంగతి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మి.గ్రా., నెలసరి ఆగిన స్త్రీలకు 1200. పావు లీటరు పాలలో దాదాపు 300. పెద్ద కప్పు పెరుగులో, అంటే 200 గ్రాముల్లో, 240 దాకా. 50 గ్రాముల రాగిపిండిలో 180. చెంచాన్నర నువ్వుల పొడి, సుమారు 10 గ్రాములు, 120. పప్పులో 50 గ్రాముల మునగాకు వేస్తే 150. కలిపితే 990. మునగాకు రోజూ ఎవరూ వండరు, అది వేరే సంగతి. రాగులు, నువ్వుల్లో ఉన్నదంతా ఒంటికి పట్టదు కాబట్టి పాలు, పెరుగు మానేసి రాగిజావ ఒక్కదాన్నే నమ్ముకుంటే లెక్క తప్పుతుంది. పాలకూరలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి.

తిండిలో ఎంత తగ్గితే అంతే మాత్రతో పూడ్చాలి. డబ్బా మీద కాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా. అని ఉంటే అందులో అసలు కాల్షియం 500. ఒక్కసారికి అంతకుమించి వేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గుతుంది. దీన్ని భోజనంతో పాటే వేసుకోవాలి, కడుపులో ఆమ్లం ఉంటేనే కరుగుతుంది. రోజూ గ్యాస్ మాత్ర వేసుకునేవాళ్లు కాల్షియం సిట్రేట్ గురించి అడగాలి. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం, ఐరన్ మాత్రకు రెండు గంటలు. పొద్దున్నే రెండు మాత్రలూ కలిపి మింగితే థైరాయిడ్ మాత్ర సరిగా పనిచేయదు. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు.

[తెరపై: గ్లాసెడు నీళ్లు, ఒక మాత్ర, గోడ గడియారం.]

విరిగే ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు కాల్షియం, విటమిన్ డి ముడిసరుకే, మందు వేరే కావాలి. అలెండ్రొనేట్ 70 మి.గ్రా. వారానికొకటి. లేవగానే పరగడుపున, గ్లాసెడు మంచినీళ్లతో. కాఫీతో, పాలతో వద్దు. తర్వాత అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు. పడుకుంటే మాత్ర అన్నవాహికలో ఆగి పుండు చేస్తుంది. కాఫీ తాగితే మందు ఒంటికి పట్టదు. ఇది పడనివాళ్లకు జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మి.గ్రా. ఏడాదికోసారి నరానికి ఎక్కిస్తారు. మొదటిసారి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు, పారాసిటమాల్ సరిపోతుంది. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లకు ఇది పనికిరాదు. పన్ను పీకించుకోవాల్సి ఉంటే ఈ మందులు మొదలుపెట్టక ముందే పీకించుకోండి. ఏళ్లపాటు వాడుతున్నప్పుడు తొడలో, గజ్జల్లో లోతుగా నొప్పి పుడితే తొడ ఎముకకు ఎక్స్‌రే తీయించాలి. సాధారణంగా మాత్రలైతే అయిదేళ్లకు, ఇంజెక్షనైతే మూడేళ్లకు ఆపొచ్చా అని సమీక్షిస్తారు.

డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్ దారి పూర్తిగా వేరు. ఆరు నెలలకోసారి చర్మం కింద 60 మి.గ్రా. దీనికి సెలవుల్లేవు. బాగానే ఉన్నాం కదా అని తర్వాతి డోసు మానేస్తే పోయిన తరుగంతా వడ్డీతో తిరిగొస్తుంది, ఒకేసారి రెండు మూడు పూసలు విరగవచ్చు. ఆపాలంటే దాని స్థానంలో వేరే మందు పెట్టే ఆపాలి. అమెరికాకో, ఆస్ట్రేలియాకో పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్లే పెద్దలు టికెట్టు కొనేముందే ఇంజెక్షన్ తేదీ చూసుకోవాలి.

[తెరపై: వంటగది గట్టు పట్టుకుని మడమలెత్తుతున్న దృశ్యం.]

నడక మంచిదే, ఎముకకు చాలదు. బరువు పడాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పది సార్లు లేచి కూర్చోండి. గట్టు పట్టుకుని మడమలెత్తి దించండి. గోడకు చేతులానించి పుషప్‌లు చేయండి. రెండు మూడు విడతలు, వారానికి మూడు రోజులు. పన్నెండు సార్లు తేలిగ్గా వస్తుంటే లీటరు నీళ్ల సీసాలు పట్టుకోండి, తర్వాత ఇంకా బరువు పెంచండి. గట్టు దగ్గరే ఒంటికాలి మీద అర నిమిషం నిలబడటం పడిపోకుండా కాపాడే సాధన. పూసలు బలహీనంగా ఉన్నవాళ్లు పశ్చిమోత్తానాసనం, హలాసనం మానేయాలి. ముందుకు గుండ్రంగా వంగినప్పుడే పూస ముందు భాగం నలుగుతుంది. నిండు బకెట్టును నడుం వంచి ఎత్తడం కూడా అలాంటిదే. మోకాళ్లు వంచి, బకెట్టును ఒంటికి దగ్గరగా పట్టి ఎత్తండి, లేదా సగమే నింపండి.

తుంటి విరిగేది ఎక్కువగా ఇంట్లో పడ్డప్పుడే. బాత్రూంలో గోడకు స్టీలు కడ్డీ, మంచం నుంచి బాత్రూం దాకా రాత్రి చిన్న లైటు, గడప అంచుకు రంగు పట్టీ. ఇవి ఒక్క రోజు పని. వాకిట్లో కళ్లాపి చల్లేటప్పుడు అరిగిన హవాయి చెప్పులు వద్దు. నిద్రమాత్ర, బీపీ మాత్ర వేసుకునేవాళ్లు లేవగానే నిమిషం కూర్చుని నడవాలి.

స్కాను మళ్లీ ఎప్పుడంటే, మందు మొదలుపెట్టాక ఒకటి రెండేళ్లకు, అదే సెంటరులో, అదే మెషీన్ మీద. స్కానుకు ముందు 24 గంటలు కాల్షియం మాత్ర వేసుకోవద్దు. కొత్త రిపోర్టులో రెండు శాతం తగ్గినట్టు కనిపించినా అది మెషీన్‌లో సహజంగా వచ్చే తేడానే కావచ్చు. ఆ ఒక్క తేడా చూసి మందు ఆపొద్దు, మార్చొద్దు. పాత రిపోర్టు కూడా పక్కన పెట్టి డాక్టరుకు చూపించండి.