టేపు కొక్కెం ఒక్కసారే తగిలించండి

అందరికీ నమస్కారం. పాత కప్పు వంతెనల్ని కొలిచి పటాలు గీయడం ఎలాగో ఈరోజు చూద్దాం. కప్పున్న చెక్క వంతెన అనగానే ఫొటోకి భలే ఉంటుంది అంటారు, నిజమే, కానీ ఆ కప్పు ఫొటో కోసం వేసింది కాదు. వానకి తడిసి ఎండకి ఎండే దూలం పదీ ఇరవై ఏళ్లలో పుచ్చిపోతుంది, అదే దూలానికి పైన కప్పు, పక్కన పలకలు ఉంటే వందేళ్లు దాటినా గట్టిగానే ఉంటుంది, మన పెంకుటింటి వాసాల్లాగే. అమెరికాలో న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్ మధ్య కనెక్టికట్ నది మీద 1866లో కట్టిన కోర్నిష్-విండ్సర్ వంతెన పొడవు సుమారు 449 అడుగులు, మధ్యలో మరమ్మతులు జరిగాయిగానీ దాని మీద ఈరోజుకీ కార్లు పోతున్నాయి. గుర్రాన్ని పరిగెత్తిస్తే రెండు డాలర్ల జరిమానా అనే బోర్డు కూడా దాని ముఖం మీదే ఉంది.

ఇక కొలతలు. నా మొదటి వంతెన మీద నేను చేసిన తప్పు చెప్తాను. వంతెన పక్క గోడలోని ఒక్కో నిలువు చెక్క స్తంభం నుంచి పక్క స్తంభానికి విడివిడిగా టేపు పెట్టి, రాసుకుని, సాయంత్రం అన్నీ కూడితే మొత్తం పొడవుకి మూడంగుళాల తేడా! పావంగుళం, పావంగుళం పోగై వచ్చిన తేడా అది. టేపు కొక్కెం వంతెన ఒక చివర తగిలించేసి అక్కణ్ణుంచే వరసగా అన్ని స్తంభాల దగ్గరా చదవాలి, అప్పుడు ఒకచోట చేసిన పొరపాటు అక్కడే ఉండిపోతుంది, పక్కదానికి అంటుకోదు.

ఇంకో దురలవాటు, ఎడమ వైపు కొలిచి కుడి వైపుని అద్దంలో బొమ్మలా గీసేయడం. దయచేసి వద్దు. కట్టేటప్పుడు వడ్రంగులు వంతెన నడుము కాస్త పైకెత్తి కడతారు, దాన్నే క్యాంబర్ అంటారు. ఏళ్లు గడిచేకొద్దీ అది దిగుతుంది, ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ. ఆ దిగడమే మనకి కావాల్సిన సమాచారం. తాడు లాగి కట్టి, గుండు వేలాడదీసి, వంకరని వంకరగానే గీయండి.

లేజర్ స్కానర్ ఉందిగా అంటారు. ఉంది, గంటల్లో లక్షల బిందువులు ఇస్తుంది, కానీ పైపైనే చూస్తుంది. దూలం తొలిచిన గాడిలోకి ఎంత లోతుగా దిగిందో దానికి తెలీదు, సందులోకి సన్నటి స్టీలు స్కేలు దూర్చాల్సింది మనమే, పావురాల రెట్టల మధ్య మోకాళ్ల మీద కూర్చుని మరీ.

ఇదంతా ఎందుకంటారా? న్యూయార్క్ రాష్ట్రంలో స్కోహరీ వాగు మీద 1855లో నికొలస్ పవర్స్ కట్టిన బ్లెన్‌హైమ్ వంతెన, మధ్యలో కాలే లేకుండా 210 అడుగులు దాటిన వంతెన, 2011 ఆగస్టులో ఐరీన్ తుఫాను వరదకి ఒక్కరోజులో కొట్టుకుపోయింది. 2018కల్లా అక్కడే మళ్లీ లేచింది. 1930లలోనే దాన్ని ప్రభుత్వ సర్వేవాళ్లు రికార్డు చేశారు. వంతెన పోయినా ఆ రికార్డు మిగిలింది, మనం కొలిచేదీ అందుకే. అలాంటి పటాలు అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉంటాయి, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

సరే, వెనక బల్ల మీద టేపులు పెట్టాను. ఇద్దరిద్దరు రండి, ముందు ఈ హాలుని ఒక మూల నుంచి కొలుద్దాం.