తునికాకు పైసలు ఎవరి ఖాతాలో పడుతున్నాయి?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే చదివారు, నేను మళ్లీ చదవను. మహిళా దినోత్సవం కాబట్టి సావిత్రీబాయి ఫూలే గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు మన సిరోంచ తునికాకు, అదే బీడీ ఆకు, సంగతి చెప్పనివ్వండి.

ఎండాకాలం చీకటితోనే లేచి అడవికి పోయేదెవరు? పగలంతా ఆకు పేర్చి కట్టలు కట్టేదెవరు? ఆడవాళ్లు, సెలవుల్లో ఉన్న ఆడపిల్లలు. మరి ఆకు కొనే కల్లంలో లెక్క రాసే కార్డు ఎవరి పేరు మీద ఉంది? మీరే చెప్పండి. కొంచెం గట్టిగా చెప్పండమ్మా!

మా వాడలో ఒక చెల్లె ఉంది. పెద్దబిడ్డ మంచి మార్కులతో పది పాసయింది. సైన్సు చదవాలంటే సిరోంచలో గది కిరాయి, ట్యూషన్, పుస్తకాలు కావాలి. కార్డు మొగుడి పేరున ఉంది, ఆకు పైసలు అతని ఖాతాలో పడ్డాయి. ఆ వారమే బండి కిస్తు కట్టాడు, అన్న కొడుకు పెళ్లిలో చదివించాడు. తాగుబోతు కాదు, బిడ్డంటే ప్రాణం. "వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. వచ్చే ఏటికి ఆ పిల్ల మిరపకాయ ఏరడానికి పోతోంది. "కొట్లాడాలనే ఉంది సార్, ఏం చూసుకుని కొట్లాడాలి?" అని అడిగింది ఆ తల్లి.

ఇల్లంటే ఒకటే జేబు అనుకుని ఆర్థికశాస్త్రం చాలాకాలం లెక్కలు వేసింది. 1980ల నుంచి, ఇంట్లోనూ బేరం నడుస్తుందని, సొంత రాబడి ఉన్నవాళ్ల మాట నెగ్గుతుందని ఒప్పుకుంది. చైనాలో సంస్కరణల తర్వాత తేయాకు ధర పెరిగింది. ఆకు కోత ఎక్కువగా ఆడవాళ్ల పని. ఆ ప్రాంతాల్లో ఆడపిల్లలూ మగపిల్లలూ ఎక్కువ చదివారని నాన్సీ చియాన్ 2008లో ప్రచురించిన పరిశోధన చెప్పింది. మగవాళ్లకు రాబడి తెచ్చే పండ్లతోటల ప్రాంతాల్లో మాత్రం ఆడపిల్లల చదువు తగ్గింది. అక్కడా ఆకే, ఇక్కడా ఆకే. తేడా పైసలు ఎవరి చేతికి వస్తున్నాయన్నదే!

2024 నుంచి మహారాష్ట్ర ప్రభుత్వ లాడ్కీ బహిణ్ పథకం కింద నెలకు 1,500 రూపాయలు ఆడవాళ్ల ఖాతాలోకే వస్తున్నాయి. ఆ చెల్లె చిన్నబిడ్డ ట్యూషన్ ఫీజు అందులోంచే కట్టింది. ఈసారి ఎవరినీ అడగలేదు.

సావిత్రీబాయి 1848లో పుణెలో ఆడపిల్లల బడి మొదలుపెట్టినప్పుడు భర్త జోతీరావు పక్కన నిలబడ్డాడు. అన్నలారా, మీరూ నిలబడండి. వచ్చే గ్రామసభలో కార్డు ఆమె పేరున రాయమని మీరే అడగండి. ఆధార్, ఆమె పాస్‌బుక్ జిరాక్స్ తెచ్చుకుంటే దరఖాస్తు రాసిపెడతాను. సభ అయ్యాక ఇక్కడే కూర్చుంటాను, రండి.