లండన్‌లో కూలబడ్డ ప్రొఫెసరుగారు

అందరికీ నమస్కారం. బీపీ బిళ్ల వేసుకునేవాళ్లు మీలో చాలామందే ఉంటారు, చేతులెత్తమని అడగనులెండి. పక్కింటాయనకు చక్కగా పడిన బిళ్ల మీకు పడకపోతే డాక్టరు మీద అనుమానం వస్తుంది. ఒక్కోసారి తప్పు డాక్టరుదీ కాదు, బిళ్లదీ కాదు. ఈ సంగతి బయటపడిన తీరు భలేగా ఉంటుంది.

1970లలో లండన్ సెయింట్ మేరీస్ వైద్య కళాశాలలో రాబర్ట్ స్మిత్ అనే ప్రొఫెసరు ఉండేవారు. డెబ్రిసోక్విన్ అనే బీపీ మందు ఒంట్లోకి వెళ్లాక ఏమవుతుందో చూద్దామని ఆయనా, ల్యాబులోవాళ్లూ తామే మింగారు. మిగతావాళ్లకు పెద్దగా ఏమీ కాలేదు. ప్రొఫెసరుగారికి మాత్రం కళ్లు తిరిగాయి, నిలబడలేకపోయారు. బీపీ 70/50కి పడిపోయింది! మూత్రం పరీక్షిస్తే విషయం తెలిసింది. మిగతావాళ్ల లివరు మందును మార్చి బయటికి పంపేస్తోంది. ఆయన ఒంట్లో మందు దాదాపు మందుగానే ఉండిపోయింది. 1977లో ఈ పరిశోధన లాన్సెట్ పత్రికలో వచ్చింది.

ఆ మార్చే పని చేసే ఎంజైము పేరు సీవైపీ2డీ6. దాని జన్యువు 22వ క్రోమోజోము మీద ఉంటుంది. అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా పనిచేయని జన్యువే వస్తే మనమూ స్మిత్‌గారి జాబితాలో చేరినట్టే. యూరప్ మూలాలవాళ్లలో నూటికి 5 నుంచి 10 మంది ఇలాంటివాళ్లు. మన దక్షిణాదిలో అంతకన్నా తక్కువ. కొందరిలో ఈ జన్యువు అదనపు కాపీలు కూడా ఉంటాయి, వాళ్లకు మందు వేసుకున్నా వేసుకోనట్టే అవుతుంది.

డెబ్రిసోక్విన్ ఇప్పుడు వాడుకలో లేదు. కానీ మనవాళ్లు రోజూ వేసుకునే మెటోప్రొలాల్ కూడా ఇదే దారిలో పోతుంది. ఎంజైము లేనివాళ్ల రక్తంలో ఈ మందు కొన్ని రెట్లు ఎక్కువగా పేరుకుంటుంది. బీపీ అన్ని రెట్లు తగ్గుతుందనుకోకండి, తేడా ఎక్కువగా తెలిసేది నాడి నెమ్మదించడంలో. ఇలాంటివాళ్లకు అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి, లేదా అదే జాతి మందుల్లో వేరేది ఇవ్వాలి. అటెనొలాల్ కిడ్నీల ద్వారా పోతుంది కాబట్టి దానికి ఈ గొడవ లేదు.

మరి అందరూ జన్యు పరీక్ష చేయించుకోవాలా? నన్నడిగితే అక్కర్లేదు. బీపీ తగ్గలేదని వచ్చినవాళ్లను నేను ముందు అడిగేది బిళ్లలు రోజూ వేసుకుంటున్నారా, ఆవకాయ ఎంత తింటున్నారు అనే.

ఇంకో తిరకాసు ఉంది. డిప్రెషన్‌కు వాడే పారొక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ ఈ ఎంజైమును అణిచేస్తాయి. అప్పుడు జన్యు పరీక్షలో అంతా బాగానే ఉందని వస్తుంది, లివరు మాత్రం స్మిత్‌గారి లివరులా నడుస్తుంటుంది. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లను బీపీ చీటీ ఒక్కటే కాదు, ఇంట్లో వాడే స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని రమ్మంటాను.