మెటల్ గిటారిస్టు సామాను

శ్రోతలకు నమస్కారం.

వినాయక చవితి పందిట్లో మైక్‌సెట్టు వాల్యూమ్ చివరిదాకా తిప్పితే పాట ఎలా పగిలిపోతుందో మనందరికీ తెలుసు. గొంతు బొంగురుపోతుంది, డప్పు దెబ్బ చెవిలో గరగరలాడుతుంది, కమిటీ పెద్దాయన వచ్చి "కాస్త తగ్గించండ్రా" అని కేకేస్తాడు. సౌండ్ సర్వీసు వాళ్లకి అది లోపం. హెవీ మెటల్ అనే రాక్ సంగీతం వాయించేవాళ్లకి అదే ముడిసరుకు. మన విశాఖలోనూ ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా ఈ సంగీతం వాయించే కుర్రాళ్లు, అమ్మాయిలు ఉన్నారు. వాళ్ల గదిలో గిటార్, యాంప్లిఫయర్, నేలమీద వరసగా, కాలితో నొక్కి గిటార్ ధ్వనిని మార్చే రంగురంగుల పెడల్ డబ్బాలు, వాటి మధ్య పాముల్లా వైర్లు. అది చూసిన అమ్మ అడిగే ప్రశ్న ఏ ఇంట్లోనైనా ఒకటే: "ఇన్ని డబ్బాలేట్రా? గిటారొకటే కదా?"

అడగాల్సిన ప్రశ్నే. గిటార్లు సరిచేసి ఇచ్చే పనిలో ఉన్నవాడిగా నేను చెప్పే జవాబు చాలామందికి వింతగా ఉంటుంది. ఆ డబ్బాల్లో, ఆ ఖర్చులో, ఆ సాధనలో సగం అక్కర్లేని శబ్దాన్ని ఆపడానికే.

ముందు గిటార్ సంగతి. మనకి దగ్గర్లోనే బొబ్బిలి ఉంది. అక్కడ పనస దుంగ తొలిచి వీణ చేస్తారు. తీగ మీటితే ఆ బోలు కుండ మోగుతుంది. మెటల్ వాళ్ల ఎలక్ట్రిక్ గిటార్‌కి కుండ లేదు, బోలు లేదు, ఒళ్లంతా గట్టి చెక్క. కరెంటు లేకుండా మీటితే పక్కగదిలోకి కూడా వినపడదు. దాని తీగల కింద పికప్ అని ఒక భాగం ఉంటుంది. అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ వేల చుట్లు, అంతే. పైన ఉక్కు తీగ కదిలితే ఈ చుట్టలో చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఆ రాగి చుట్టకి తీగ ఏదో, గోడలో పోయే కరెంటు వైరు ఏదో తెలీదు. ఫ్యాన్ రెగ్యులేటర్, ట్యూబ్‌లైట్ చోక్, ఫోన్ ఛార్జర్, ఏది దగ్గరుంటే దాని రొదనీ పట్టుకుంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి స్పీకర్లో 'హుమ్మ్' అని ఒకటే మోత. 1950ల మధ్యలో గిబ్సన్ కంపెనీ ఇంజినీరు సేథ్ లవర్ దీనికో ఉపాయం కనిపెట్టాడు. ఒక చుట్ట బదులు రెండు పెట్టి, రెండోదాన్ని ఎదురు దిశలో కలిపి, అయస్కాంతం కూడా తిరగేశాడు. బయటి రొద రెండిట్లోనూ ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి చంపేసుకుంటుంది. తీగ నాదం మాత్రం రెండూ కలిసి బలపడుతుంది. దాన్నే హమ్‌బకర్ అంటారు. మెటల్ గిటారిస్టుల్లో ఎక్కువమంది దీన్నే నమ్ముకున్నారు. గిటార్ లోపల 9 వోల్టుల బ్యాటరీ పెట్టి నడిపే యాక్టివ్ పికప్‌లు కూడా ఉన్నాయి. ఈఎంజీ వారి 81 వాటిలో బాగా పేరున్నది.

ఇక గిటార్ ఆకారాల మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. బాణంలా ఉండే ఫ్లయింగ్ వి, కోణాలు కోణాలుగా ఉండే ఎక్స్‌ప్లోరర్, రెండూ 1958లో గిబ్సన్ తెచ్చినవే. అప్పట్లో పెద్దగా ఎవరూ కొనలేదు. తర్వాత మెటల్ వాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. ఫ్లయింగ్ వి ని కూర్చుని వాయించి చూడండి, తొడ మీద నిలవదు, జారిపోతూనే ఉంటుంది.

ఈ సంగీతం ధ్వని ఎక్కడ మొదలైందంటే చాలామంది చూపించేది ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీల ఊరు బర్మింగ్‌హామ్‌ని. టోనీ అయోమీ అనే పదిహేడేళ్ల కుర్రాడు అక్కడ ఒక రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఉద్యోగం మానేసే రోజు, ఆఖరి షిఫ్టులో, ప్రెస్ మెషిన్ కింద పడి కుడిచేతి నడిమి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం, అంటే మెట్ల మీద తీగలు నొక్కాల్సింది ఆ కుడిచెయ్యే. ఉక్కు కర్మాగారంలో, షిప్‌యార్డులో పనిచేసిన శ్రోతలకి ఈ దెబ్బ ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీ మేనేజరు అతనికి జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు పనికి రాకుండా పోయినా జాజ్ గిటార్‌లో మహామహుడు అనిపించుకున్న మనిషి ఆయన. అయోమీ ఒక ప్లాస్టిక్ సీసా కరిగించి, వేళ్ల కొసలకి తొడుగులు చేసుకుని, వాటి మీద తోలు ముక్కలు అతికించుకున్నాడు. ఆ తొడుగులోంచి తీగ స్పర్శ తెలీదు. లావు తీగ నొక్కితే నొప్పి. అందుకని బాంజో తీగల్లాంటి సన్నవి వెతికి వేసుకున్నాడు. 1970లో అతని బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్ వచ్చింది. మరుసటి ఏడు మూడో ఆల్బమ్‌కి వచ్చేసరికి గిటార్ శ్రుతిని మూడు స్వరస్థానాలు దించేశాడు.

అంత దించితే తీగ బిగువు దాదాపు 30 శాతం తగ్గుతుంది, వేళ్లకి హాయి. మామూలుగా 82 హెర్ట్జ్ దగ్గర పలికే లావు తీగ 69 దగ్గరికి దిగుతుంది. వేళ్ల నొప్పి తగ్గించుకోవడానికి చేసిన పని వల్ల ధ్వని బరువెక్కింది. ఆ తర్వాత వచ్చినవాళ్లు శ్రుతి ఇంకా దించారు కానీ, తీగ వదులైతే బరబరమంటుంది కాబట్టి లావు తీగలు వేశారు. అదీ చాలక ఏడు తీగలు, ఎనిమిది తీగల గిటార్లు వచ్చాయి. మన కుర్రాళ్లు చేసే పొరపాటు ఇక్కడే చూస్తుంటాను. గిటార్‌తో వచ్చిన సన్న తీగలనే ఉంచి శ్రుతి మాత్రం దించేసి, తర్వాత "పెడల్ బాగాలేదన్నా" అంటారు.

ఇప్పుడు యాంప్లిఫయర్. పెద్దవాళ్లకి వాల్వు రేడియో గుర్తుండే ఉంటుంది. స్విచ్ వేశాక వెంటనే పలకదు. లోపల గాజు బుడ్లు ఎర్రగా వెలగాలి, అప్పుడు గొంతు వస్తుంది. రేడియోల్లోంచి ఎప్పుడో వెళ్లిపోయిన ఆ వాల్వులు గిటార్ యాంప్‌లలో ఇంకా బతికే ఉన్నాయి. లండన్‌లో డ్రమ్ముల కొట్టు నడిపే జిమ్ మార్షల్, 1962లో తన మనుషులతో కలిసి ఒక అమెరికన్ యాంప్ నమూనా చూసి సొంతంగా ఒకటి తయారుచేశాడు. స్టేజీల మీద గోడలా పేర్చి కనిపించే ఆ నల్లటి మార్షల్ పెట్టెల వంశం అక్కడ మొదలైంది.

వాల్వు మోయగలిగినదానికన్నా పెద్ద సంకేతం ఇస్తే అలల శిఖరాలు తెగి చదునవుతాయి. అదే డిస్టార్షన్. దానివల్ల రెండు జరుగుతాయి. మూల స్వరానికి కొత్త ఉపస్వరాలు తోడవుతాయి. చిన్న శబ్దం, పెద్ద శబ్దం అనే తేడా పోయి అన్నీ ఒకే ఎత్తుకి వస్తాయి. స్వరం చాలాసేపు నిలబడుతుంది, బాగుంది. కానీ ఫ్యాన్ రొద, తీగ మీద వేలు జారిన చప్పుడు, వాయించని తీగ తనంతట తాను మోగడం, ఇవన్నీ కూడా అదే ఎత్తుకి వస్తాయి మరి!

మెటల్ వాళ్లు ఎక్కువగా రెండు స్వరాలే కలిపి ఎందుకు వాయిస్తారో కూడా ఇక్కడే తెలుస్తుంది. షడ్జమం, పంచమం. తంబురాలో మనం వినే జంటే. వాళ్లు పవర్ కార్డ్ అంటారు. డిస్టార్షన్‌లో రెండు స్వరాలు కలిస్తే వాటి తేడా కూడా ఒక స్వరమై పలుకుతుంది. 82 హెర్ట్జ్ షడ్జమానికి 123 దగ్గర పంచమం. తేడా 41, అంటే సరిగ్గా కింది స్థాయి షడ్జమం. గిటార్‌లో లేని తీగ మోగినట్టు ఆ బరువు అక్కడినుంచి వస్తుంది. అదే గాంధారం కూడా కలిపారనుకోండి, ఒకదానితో ఒకటి పొసగని తేడాలు పుట్టి అంతా ముద్దయిపోతుంది.

శబ్దాన్ని ఆపే మొదటి పరికరం అరచెయ్యి. కుడి అరచేతి అంచుని తీగలు మొదలయ్యే బ్రిడ్జి మీద ఆనీ ఆననట్టు పెట్టి మీటితే 'ఛగ్ ఛగ్' అని తెగ్గొట్టినట్టు వస్తుంది. అర సెంటీమీటరు ముందుకి జరిగితే తీగ చచ్చిపోతుంది, వెనక్కి జరిగితే గణగణ మోగుతుంది. రైలింజన్‌లా వేగంగా వాయిస్తున్నంతసేపూ ఆ చెయ్యి ఆ అర సెంటీమీటరు దాటకూడదు. ఎడమచేతిలో ఖాళీగా ఉన్న వేళ్లు మిగతా తీగల్ని పడుకోబెట్టి ఉంచాలి. ఇది ఏ డబ్బాతోనూ రాదు.

డబ్బాల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆకుపచ్చది, ఐబనేజ్ వారి ట్యూబ్ స్క్రీమర్. 1979లో వచ్చింది. పేరుకి అది డిస్టార్షన్ తెచ్చే పెడల్. మెటల్ వాళ్లు దానిలో డిస్టార్షన్ పెంచే డ్రైవ్ నాబ్‌ని దాదాపు సున్నాకి దించి, లెవెల్ పూర్తిగా పెంచి, అప్పటికే పగులుతున్న యాంప్‌కి ముందు పెడతారు. దండగ అనిపిస్తుంది. కానీ ఆ పెడల్ సంకేతంలో బేస్‌ని కోసేసి మధ్యస్థాయిని ముందుకి నెడుతుంది. బేస్ తగ్గిన సంకేతం యాంప్‌లో పగిలితే ఒక్కో దెబ్బ విడివిడిగా వినిపిస్తుంది. ఇక్కడా చేసింది తీసెయ్యడమే.

దీనికి పూర్తిగా ఎదురు స్వీడన్ వాళ్లు. బాస్ కంపెనీ 1983లో హెచ్ఎం-2 అనే పెడల్ తెచ్చింది. స్టాక్‌హోమ్‌లో డెత్ మెటల్ అనే మరీ కరుకు రకం మెటల్ వాయించే కుర్రాళ్లు దాని నాలుగు నాబ్‌లూ చివరిదాకా తిప్పేసి వాయించారు. రంపం మిల్లు రొద. 1990లో ఎంటూమ్డ్ బ్యాండ్ మొదటి ఆల్బమ్‌తో ఆ రొద ఒక ఊరి సంతకమైపోయింది. తయారీ ఆపేసిన ఆ పెడల్‌కి గిరాకీ తగ్గక 2021లో కంపెనీ మళ్లీ తెచ్చింది.

వరసలో తప్పక కనిపించే ఇంకో డబ్బా నాయిస్ గేట్. వాయిస్తున్నప్పుడు తలుపు తెరుస్తుంది, ఆపగానే మూస్తుంది. దాని నాబ్ తిప్పడం తెలియాలి. తీగల మీద చెయ్యి పెట్టి మూసి, రొద ఆగిపోయేదాకా మెల్లిగా తిప్పి, అక్కడితో ఆపాలి. ఇంకా తిప్పితే స్వరం తోక తెగిపోతుంది.

ఇక మన ఊరు, మన సముద్రం. బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్లలోంచి వచ్చే గిటార్ వెనక మూత తీస్తే కథంతా కనిపిస్తుంది. స్క్రూ తలలు ఎర్రగా తుప్పు, వైరు గుచ్చే జాక్ మీద పచ్చటి చిలుము, తీగ మీద వేలు రుద్దితే వేలు నల్లన. ఉప్పుగాలి, ఉక్కపోత, చేతి చెమట మూడూ కలిసి తీగల్ని తినేస్తాయి. వాయించాక పొడిగుడ్డతో తుడవడం, కేసులో సిలికా జెల్ పొట్లాలు వెయ్యడం, ఇంతకన్నా మార్గం లేదు. తేమకి మెడ చెక్క వంగుతుంది, తీగలు పైకి లేస్తాయి. లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది, అలెన్ కీతో పావు తిప్పు తిప్పితే సర్దుకుంటుంది. పావుకి మించి ఒక్కసారే తిప్పకండి. అలాగే మొదటి గిటార్‌కి ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి వద్దంటాను. ఆ స్ప్రింగులు, తాళాలు, సన్నటి స్క్రూలు ఈ గాలికి పట్టేస్తాయి, ఒక్క తీగ మార్చినా మొత్తం శ్రుతి చెదిరిపోతుంది.

అమెరికాలో ఉన్న అన్నయ్య సూట్‌కేసులో తెచ్చే యాంప్ ఇంకో గండం. అది 120 వోల్టులది. మన 230లో నేరుగా పెడితే అక్కడితో సరి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. పెడళ్లకి కూడా ఇంట్లో దొరికిన ఏదో 9 వోల్టుల అడాప్టర్ గుచ్చకండి. ఎక్కువ పెడళ్లకి పిన్ను మధ్యలో నెగెటివ్ రావాలి, ఇంట్లో దొరికేవాటిలో చాలావరకు మధ్యలో పాజిటివ్ ఉంటుంది.

వంద వాట్ల యాంప్ కొనాలని తహతహలాడేవాళ్లకి ఒక లెక్క. వంద వాట్లు పది వాట్ల కన్నా చెవికి పదిరెట్లు కాదు, సుమారు రెండు రెట్లే పెద్దగా వినిపిస్తుంది. ఇంట్లో ఐదు వాట్లు కూడా ఎక్కువే. రాత్రి 10 దాటాక నివాస ప్రాంతాల్లో 45 డెసిబెల్స్ దాటకూడదని నిబంధన కూడా ఉంది. అందుకే ఇప్పుడు చాలామంది గిటార్ సంకేతాన్ని ల్యాప్‌టాప్‌లోకి పంపే చిన్న ఇంటర్‌ఫేస్ పెట్టి, యాంప్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌తో హెడ్‌ఫోన్లలో వాయిస్తున్నారు. మంచి పద్ధతి. అందులో స్పీకర్ పెట్టెని అనుకరించే భాగం ఆన్ చేసి ఉందో లేదో చూసుకోండి, లేకపోతే చెవిలో కందిరీగ దూరినట్టుంటుంది.

చివరగా తల్లిదండ్రులకి ఒక మాట. మీవాడు తీగల మీద చెయ్యి వెయ్యగానే రొద తగ్గి, తియ్యగానే పెరుగుతోందా? తీగలకి ఎర్త్ కలిపి ఉంటుంది కాబట్టి కొంతవరకు అది మామూలే. కానీ ప్లగ్గుకి మూడు పిన్నులున్నంత మాత్రాన గోడలో ఎర్త్ వైరు ఉన్నట్టు కాదు. అద్దె ఇళ్లలో చాలాచోట్ల ఆ మూడో రంధ్రం ఉత్తదే. యాంప్‌లో ఏదైనా లోపం వస్తే తీగలకే కరెంటు రావచ్చు. ఒక చేత్తో గిటార్, రెండో చేత్తో మైకు పట్టుకున్నప్పుడు అది ప్రాణం మీదికి తెస్తుంది. కొత్త పెడల్ అడిగినప్పుడు ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ సాకెట్ చూపించండి. ఆ పని అయ్యాక పెడల్ ధర గురించి బేరమాడుకోవచ్చు.

నమస్కారం.