చిల్లరలో వచ్చే పాత నోటు

సభకు నమస్కారం.

నరసాపురం, సఖినేటిపల్లి రేవుల్లో పంటు ఎక్కేవారికి తిరిగివచ్చే చిల్లరలోనూ, రావులపాలెం అరటి మార్కెట్టులో రైతు చేతికందే కట్టలోనూ, పెళ్లి చదివింపుల కవర్లలోనూ పాత నోట్లు ఇప్పటికీ అడపాదడపా కనిపిస్తూనే ఉంటాయి. వాటిని గుర్తించడం ఎలా, విలువ కట్టడం ఎలా అన్నదే నేటి విషయం. నోటు పాతబడినంత మాత్రాన ధర పలకదు. ఆ రకం నోట్లు ఎన్ని మిగిలాయి, ఎంత శుభ్రంగా మిగిలాయి, కావాలని వెతికేవారు ఎందరున్నారు అన్నదాన్ని బట్టే ధర నడుస్తుంది.

నోటు చేతికి రాగానే వెనక్కి తిప్పి, అడుగు అంచున సంవత్సరం ఉందో లేదో చూడండి. మహాత్మా గాంధీ బొమ్మ ఉండి, వెనుక సంవత్సరం లేకపోతే అది 1996కూ 2005కూ నడుమ అచ్చయిన తరానికి చెందినది. 2005కు ముందటి నోట్లను వెనక్కి తీసుకుంటున్నట్టు రిజర్వు బ్యాంకు 2014లో ప్రకటించిన తరువాత, బ్యాంకుకు చేరినవి మళ్లీ బయటికి రావడం లేదు కనుక, అవి బజారులో క్రమంగా పలచబడుతున్నాయి. ఎర్రని పాత ఇరవై రూపాయల నోటు వెనుక కొబ్బరి చెట్లను చూసి కోనసీమ అని మురిసిపోయేవారిని నేనెరుగుదును. అది అండమాన్ దీవుల దృశ్యం.

తరువాత చూడవలసింది సంతకం. రూపాయి నోటు మీద కేంద్ర ఆర్థిక శాఖ కార్యదర్శి, మిగిలిన నోట్ల మీద రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం చేస్తారు. మన్మోహన్ సింగ్ ఈ రెండు పదవులలోనూ పనిచేసినందువల్ల ఆయన సంతకం రెండు చోట్లా దొరుకుతుంది. ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు 2008 నుంచి 2013 వరకు గవర్నరుగా ఉన్నారు. రూపాయి గుర్తు (₹) 2010లో ఖరారై తరువాత నోట్ల మీదికి వచ్చింది కనుక, ఆయన సంతకంతోనే గుర్తు లేని పది రూపాయల నోటూ, గుర్తు ఉన్న నోటూ రెండూ ఉన్నాయి. పక్కపక్కన పెడితే తప్ప తెలియని ఇటువంటి తేడాలను పట్టుకోవడంలోనే సేకరణలోని అసలు రుచి ఉందని నా అభిప్రాయం. వరుస సంఖ్య వెనుక లేతగా అచ్చయ్యే ఇంగ్లిషు అక్షరాన్నీ, సంఖ్య మధ్యలో నక్షత్రం ఉంటే దానినీ వదలకూడదు. అచ్చులో పాడైన నోటుకు బదులుగా పెట్టినదానికి ఈ నక్షత్రం గుర్తు. 2006లో పది, ఇరవై, యాభై రూపాయల నోట్లతో ఈ పద్ధతి మొదలైంది. అయితే నక్షత్రం ఉన్నంత మాత్రాన నలిగిన పది రూపాయల నోటుకు ఎవరూ పెద్ద ధర ఇవ్వరు.

మన ఇళ్లలో రూపాయి నోట్ల కట్టలు మిగలడానికి నూట పదహార్ల ఆచారమే కారణం. 1994లో రూపాయి నోటు అచ్చు ఆగిపోయాక, 2015లో మళ్లీ వచ్చేదాకా, కవరులో పెట్టడానికని జాగ్రత్తపెట్టినవారు ఎందరో. అవి కోట్ల సంఖ్యలో అచ్చయినవి కాబట్టి, సాధారణమైన సంవత్సరాలవి విడిగా పెద్దగా పలకవు. కట్ట విప్పకుండా, వరుస సంఖ్యలతో ఉంటే మాత్రం అడిగేవారుంటారు.

చిల్లరలో కాక భోషాణాల్లో దొరికేవి వేరు. 1861 కాగితపు కరెన్సీ చట్టం తరువాత నోట్లను సర్కిళ్లవారీగా, అంటే ప్రాంతాలవారీగా జారీచేసేవారు. మద్రాసు సర్కిల్ కింద కాకినాడ ఒక ఉప కేంద్రం. నోటును రెండుగా కోసి, సగాలను వేర్వేరు టపాలలో పంపే అలవాటు ఆ రోజుల్లో ఉండేది కనుక, అతికించిన నోటు దొరికితే పనికిరానిదని పారేయవద్దు. యానాం 1954 వరకు ఫ్రెంచి వారి ఏలుబడిలో ఉన్నందున, ఫ్రెంచి ఇండియా కోసం బాంక్ ద లాందోషీన్ అనే ఫ్రెంచి బ్యాంకు విడుదల చేసిన రూపాయి నోట్లూ ఈ ప్రాంతపు ఇళ్లలో బయటపడవచ్చు. రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లివచ్చినవారి పెట్టెల్లో, బర్మాలో మాత్రమే చెల్లుతుందని ఇంగ్లిషులో ముద్ర వేసిన 1937 తరువాతి నోట్ల కోసం చూడవచ్చు.

ఇక స్థితి. నోటును కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో పట్టుకుంటే మడత దగ్గర సిరా లేచిపోయి తెల్లని గీత కనిపిస్తుంది. నిట్టనిలువు మడత ఒక్కటున్నా అది ఫెళఫెళలాడే కొత్త నోటు లెక్కలోకి రాదు. బ్యాంకులు కట్టలకు పిన్నులు కొట్టడం మానాలని రిజర్వు బ్యాంకు 2001లో ఆదేశించింది. అంతకు ముందటి నోట్లకు పిన్ను రంధ్రాలు సహజమే. ఉతకడం, ఇస్త్రీ చేయడం, లామినేషన్ చేయించడం ఈ మూడూ విలువను చెడగొట్టేవే. కాలువ గట్టు ఇళ్లలో చెమ్మా, చెదలూ తోడైతే కట్ట అట్టకట్టుకుపోతుంది కనుక, నోట్లను గోడ బీరువాలో కాక పైన, గాలి ఆడేచోట, విడివిడి పాలిస్టరు కవర్లలో ఉంచాలి.

వరుస సంఖ్యలో 786 ఉన్న నోటుకు లక్షలు ఇస్తామనే ప్రకటనలను నమ్మకండి. తన పేరు వాడి పాత నోట్ల లావాదేవీలకు రుసుము, కమీషను, పన్ను వసూలు చేసేవారి గురించి రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. రద్దయిన పాత 500, 1000 రూపాయల నోట్లు అన్నీ కలిపి పదికి మించి దగ్గర ఉంచుకోవడం 2017 చట్టం ప్రకారం నేరం; అధ్యయనానికీ, సేకరణకూ అయితే ఇరవై అయిదు వరకు అనుమతి ఉంది. ప్రత్యేకత ఏదీ లేని చిరిగిన నోటును బ్యాంకులో మార్చుకోవడమే మేలు: ఇరవై రూపాయల వరకు నోటులో అతిపెద్ద ముక్క సగానికి మించి ఉంటే పూర్తి విలువ వస్తుంది, యాభై, ఆపై నోట్లకు పూర్తి విలువ రావాలంటే ఆ ముక్క 80 శాతం దాటాలి, 40 నుంచి 80 శాతం మధ్య ఉంటే సగమే ఇస్తారు.