షేర్ చేసిన ఫోల్డర్ తెరుచుకోవడం లేదా? ముందు ఈ ఒక్కటి తేల్చుకోండి

[తెరపై: రెండు కంప్యూటర్లు, మధ్యలో రౌటర్]

ఇంట్లో ఒక కంప్యూటర్‌లో ఫోటోల ఫోల్డర్‌ను షేర్ చేశారు. రెండో కంప్యూటర్‌లో నెట్‌వర్క్ ఐకాన్ నొక్కితే మొదటిదాని జాడే లేదు. ఇక మొదలవుతుంది హడావుడి. ఫైర్‌వాల్ ఆపేస్తారు, పాస్‌వర్డ్ తీసేస్తారు, ఫోల్డర్‌ను అందరికీ రాసిచ్చేస్తారు. చివరికి అది తెరుచుకున్నా ఎందుకు తెరుచుకుందో తెలియదు, మార్చినవాటిలో దేన్ని మళ్లీ సరిచేయాలో అసలే తెలియదు.

విండోస్ 10, 11 ఉన్నవారు ముందు ఒక్క విషయం తేల్చుకోవాలి. అవతలి కంప్యూటర్ దాకా మనం చేరలేకపోతున్నామా? లేక చేరాక అది లోపలికి రానివ్వడం లేదా?

[తెరపై: కమాండ్ ప్రాంప్ట్, ఐపీకాన్ఫిగ్ ఫలితం]

ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, తెరపై చూపిస్తున్న ఐపీకాన్ఫిగ్ కమాండ్ ఇవ్వండి. ఐపీవీ4 అడ్రస్ అన్న వరుసలో 192.168.1.8 లాంటి అంకెలు కనిపిస్తాయి. ఇంటి నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ చిరునామా అదే, దీన్నే ఐపీ అడ్రస్ అంటారు. రెండో కంప్యూటర్‌లో విండోస్ కీతో పాటు ఆర్ కీ నొక్కి, వచ్చిన పెట్టెలో రెండు బ్యాక్‌స్లాష్‌లు, వాటి పక్కనే ఆ అంకెలు కొట్టండి.

[తెరపై పెద్దగా: \\192.168.1.8]

ఫోల్డర్లు నేరుగా వచ్చేశాయా? అయితే షేరింగ్ బాగానే ఉంది, పేర్లు చూపించే ఏర్పాటు మాత్రం పడకేసింది. ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో సర్వీసెస్ తెరిచి, 'ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్' నడుస్తోందో లేదో చూడండి. ఆగిపోయి ఉంటే స్టార్ట్ చేసి, ఆటోమేటిక్‌కు మార్చండి. 'నేనిక్కడ ఉన్నాను' అని ఇతర కంప్యూటర్లకు చాటేది ఈ సర్వీసే. నిజానికి ఆ నెట్‌వర్క్ జాబితాను నేను పెద్దగా నమ్మను. రౌటర్‌లో ఆ కంప్యూటర్‌కు ఐపీ అడ్రస్‌ను ఎప్పుడూ మారకుండా రిజర్వ్ చేసి, అదే అడ్రస్‌తో ఫోల్డర్‌ను డ్రైవ్‌గా మ్యాప్ చేసుకుంటే జాబితాతో పనే ఉండదు.

చాలాసేపు తిరిగి తిరిగి, చివర్లో 80070035 ఉన్న ఎర్రర్ వచ్చిందా? దారిలోనే అడ్డు ఉంది. అవతలి కంప్యూటర్ నిద్రలోకి జారుకుందేమో ముందు చూడండి. నవ్వకండి, ఇది చాలాచోట్ల జరిగేదే. తర్వాత రెండింటి ఐపీ అడ్రస్‌లూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి 192.168.1తో, మరొకటి 192.168.0తో మొదలైతే రెండూ వేర్వేరు నెట్‌వర్కుల్లో ఉన్నట్టే. మొదటి రౌటర్ వెనక రెండో రౌటర్ తగిలించిన ఇళ్లలో ఈ చిక్కు వస్తుంది. ఒక కంప్యూటర్ గెస్ట్ వైఫైలో ఉన్నా అంతే. ఆ వైఫై ఉద్దేశమే ఇంట్లోని మిగతా పరికరాలకు దూరంగా ఉంచడం.

[తెరపై: నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లో పబ్లిక్, ప్రైవేట్ ఎంపికలు]

ఇవన్నీ సరిగ్గా ఉంటే ఈ తెర చూడండి. పబ్లిక్ అని ఉంటే, బయటెక్కడో ఉన్నామనుకుని విండోస్ ఫైర్‌వాల్ షేరింగ్‌ను మూసేస్తుంది. ప్రైవేట్‌కు మార్చండి. మార్చాల్సింది ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో. వీపీఎన్ నడుస్తుంటే కాసేపు ఆపి చూడండి. వేరే యాంటీవైరస్ ఉంటే దాని ఫైర్‌వాల్ 445 పోర్టును, అంటే ఫోల్డర్ షేరింగ్ నడిచే దారిని, అడ్డుకుంటోందేమో పరిశీలించండి. అవతలి కంప్యూటర్ పలుకుతోందో లేదో చూసే పింగ్‌ కమాండ్‌కు జవాబు వచ్చినంత మాత్రాన ఈ పోర్టు తెరిచి ఉందని అర్థం కాదు.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగిందా? సంతోషించండి, దారి తెరిచే ఉంది. ఎక్కువమంది తడబడేది మాత్రం ఇక్కడే. అది అడుగుతున్నది మీరు కూర్చున్న కంప్యూటర్ పాస్‌వర్డ్ కాదు, ఫోల్డర్ ఉన్నదాని పాస్‌వర్డ్. రోజూ కొట్టే పిన్ ఇక్కడ చెల్లదు, అది ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడే పనిచేస్తుంది. అసలు పాస్‌వర్డే లేని ఖాతాను విండోస్ మామూలుగా నెట్‌వర్క్ ద్వారా రానివ్వదు. అంటే పాస్‌వర్డ్ తీసేసినవారు తమ తలుపు తామే మూసుకున్నట్టు.

అన్నింటికన్నా సులువైన దారి, ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో షేరింగ్ కోసమే ఓ లోకల్ ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ పెట్టడం. రెండోదానిలో యూజర్‌నేమ్ అడిగిన చోట ఫోల్డర్ ఉన్న కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, ఖాతా పేరు కొట్టండి. సరైన పాస్‌వర్డే ఇచ్చినా వద్దంటుంటే, విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాత వివరాలు దాగి ఉండొచ్చు. వాటిని తొలగించి, ఒకసారి సైన్ అవుట్ అయి రండి.

[తెరపై: ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్, సెక్యూరిటీ ట్యాబ్‌లు]

లోపలికి వెళ్లాక ఫోల్డర్ నొక్కితే 'యాక్సెస్ డినైడ్' అంటోందా? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు అంటారే, అచ్చం అదే. షేరింగ్ ట్యాబ్‌లో పూర్తి అనుమతి ఇచ్చినా, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఆ ఖాతాకు చదివే హక్కు లేకపోతే ఫోల్డర్ తెరుచుకోదు. రెండింటిలో ఏది తక్కువ అనుమతిస్తే అదే చెల్లుతుంది. ఫైళ్లు కనిపిస్తున్నా కొత్తవి సేవ్ కాకపోవడానికీ ఇదే కారణం కావచ్చు. కొత్త ఖాతా పేరును రెండు ట్యాబ్‌లలోనూ చేర్చండి.

పాత నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె ఉన్నవారికి మరో మాట. 'ఎస్ఎంబీ1 ఆన్ చేయండి' అన్న సలహా మీకు ఎదురవుతుంది. ఎస్ఎంబీ అంటే విండోస్ ఫోల్డర్లను షేర్ చేసే పద్ధతి (ప్రోటోకాల్), 1 దాని పాత వెర్షన్. వద్దు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ పాత ప్రోటోకాల్‌లోని లోపం పట్టుకునే. అదే ఏడాది వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని పక్కకు తప్పించడం మొదలుపెట్టింది. ఇక విండోస్ 11 ప్రోలో 24హెచ్2 వెర్షన్ వచ్చాక, పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశం కూడా మామూలుగా కుదరదు. పెట్టెలోని ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి, దాని సెట్టింగుల్లో ఎస్ఎంబీ2 లేదా 3 ఎంచుకుని, ఓ యూజర్ ఖాతా తెరవండి. అప్‌డేటే లేనంత పాతదైతే ఫైళ్లు వేరేచోటికి మార్చుకుని, దాన్ని నెట్‌వర్క్ నుంచి తీసేయండి.